గుంట మగ్గానికి కిటికీలు

మా మగ్గం గదికి పడమటి గోడ మొత్తం ఇటుకే. ఎక్కడా ఒక చిన్న సందు కూడా లేదు. ఇల్లు కట్టిన తాత తెలివితక్కువవాడేం కాదు. మా తమిళనాడులో, విరుదునగర్ వైపు, ఆడి నెలలో అంటే ఆషాఢంలో పడమటినుంచి వీచే పొడిగాలి తగిలితే పడుగు పోగులు పుటుక్కున తెగిపోతాయి. అందుకే నేసేవాళ్లు గాలి వచ్చే వైపు కిటికీ పెట్టరు.

ఆ గదిలో గుంటలోకి కాళ్లు జార్చి కూర్చుని మా నాయన జీవితమంతా చీరలు నేశాడు. వీధిలో అందరూ పవర్‌లూమ్‌లకు మారారు. చేతిమగ్గం మాదొక్కటే మిగిలింది. పోయినేడు కంటికి ఆపరేషన్ అయ్యాక కూడా ట్యూబ్‌లైటు కింద పోగులు ఆనడం లేదన్నాడు. మగ్గం ఆగితే మనిషి ఏమైపోతాడోనని అమ్మకూ నాకూ భయం. గోడకు కిటికీలు పెడదామన్నది నేనే.

"గాలొచ్చి నూలు తెగితే నువ్వొచ్చి అతుకుతావా?" అన్నాడు.

"ఆడి నెలకు కిటికీలకు తడిగోనె కడదాం నాయనా" అని నాలుగు గోనెసంచులు తెచ్చి మూలన పడేశాను. ఆయన ఔననలేదు, కాదనలేదు. మా ఇంట్లో దాన్ని ఒప్పుకోవడం అంటారు.

కోవిల్‌పట్టిలో పాత ఇళ్ల తలుపులు అమ్మేచోట రెండు టేకు కిటికీలు దొరికాయి. మేస్త్రీ వచ్చి తన ఛాతీ ఎత్తున గోడమీద గీత గీశాడు. నాయన గుంటలో దిగి కూర్చున్నాడు.

"అది నిలబడేవాళ్లకు. నేను ఈడ కూర్చుంటా కదా, నా కంటికి గీయి" అన్నాడు.

అంత కిందికి పెడితే బయటికి జనం కాళ్లు తప్ప ఏమీ కనబడవని మేస్త్రీ తమిళంలో మొత్తుకున్నాడు. నాయన వినలేదు. మా ఇంట్లో అద్దం, కేలండరు, దేవుడి పటం అన్నీ గుంటలో కూర్చున్నవాడి ఎత్తులోనే ఉంటాయి. చుట్టాలు వంగి తల దువ్వుకుంటారు.

మేస్త్రీ ముందు పైన కొన్ని ఇటుకలు తీసి అడ్డంగా కాంక్రీటు దిమ్మె ఎక్కించి, అది కుదురుకున్నాకే కింద పగలగొట్టాడు. నల్లరేగడి నేలలో గోడలు ఊరికే నెర్రెలు విచ్చుతాయి, కాబట్టి అతని భయం అతనిది. పని అయిన రోజే ఎదురింటి మేక తల లోపలికి పెట్టింది. "మేకలకు జన్నల్ పెట్టినారా పాపా?" అని పక్కింటావిడ నవ్వింది. కిటికీని ఇక్కడ జన్నల్ అంటారు.

మధ్యాహ్నం ఎండ పడమటికి తిరిగింది. వెలుతురు నేరుగా వచ్చి నేసిన బట్టమీద పడింది. నాకు గర్వంగా ఉంది. నాయన పేక నూలు విసిరే నాడె చేతిలోకి తీసుకున్నాడు గానీ వేయలేదు. బట్టమీదికి వంగి చాలాసేపు చూశాడు.

"ఇది నా ముడి కాదే" అన్నాడు.

తెగిన పోగును ఒక్కొక్కరు ఒక్కోలా ముడివేస్తారు. ఆయనది కాస్త లావు. బట్టలో ఉన్నవి వేలికి కూడా తగలనంత సన్నం. అలాంటివి ఒకటి కాదు, మూరెడు మేర కనిపించాయి. రాట్నం దగ్గర నాడెలోకి నూలు కండెలు చుడుతున్న అమ్మ చెయ్యి ఆగింది.

"మీరు తిని పండుకున్నప్పుడు కట్టినా."

"ఎన్నాళ్లుగా?"

"ఆపరేషన్‌కు ముందునుంచే."

నాకూ అప్పుడే తెలిసింది. ఆ కిటికీలు పెట్టించినందుకు ఏడుపొచ్చింది. ఆయన నేత నిలబెడదామని గోడ పగలగొట్టిస్తే, తెగిన పోగులు కూడా తనకు కనబడటం లేదన్న సంగతే ఆయనకు కనబడింది.

నాయన నాడె పక్కన పెట్టి గుంటలోంచి లేచాడు. వచ్చి రాట్నం ముందు కూర్చున్నాడు.

"నువ్వు పోయి దిగు" అన్నాడు అమ్మతో.

మా ఇళ్లలో ఆడవాళ్లు కండెలు చుడతారు, మగ్గం ఎక్కరు. "ఆడది గుంటలో దిగేదా?" అంది అమ్మ.

"ముడి కట్టేదానికి దిగినావు కదా."

అమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని దిగింది. కిటికీలు ఆయన కంటి కొలతవి. అమ్మ పొట్టి. ఎంత నిటారుగా కూర్చున్నా కళ్లు ఆ కొలతకు అందలేదు. నాయన కాసేపు చూశాడు. లేచి, ఆడిగాలికని నేను తెచ్చిపెట్టిన గోనెసంచి ఒకటి దులిపి, మడిచి, ఆమె కింద వేశాడు.