చేపకు పెట్టిన దండం

అమెరికాలో, మైక్రోసాఫ్ట్ ఉన్న రెడ్‌మండ్‌లో తెలుగు కుర్రాడంటే సాఫ్ట్‌వేరే అయివుంటాడని ఎవరూ అడక్కుండానే తేల్చేసుకునే రోజులవి. అలాంటి ఊళ్ళో ముగ్గురు ప్రోగ్రామర్లతో కలిసి అద్దెకుంటూ, నేను మాత్రం నదుల్ని కాపాడే ఒక చిన్న సంస్థలో పనిచేసేవాణ్ణి. వాళ్ళు బగ్గులు లేకుండా చూసేవారు, నేను ఉండేలా చూసేవాణ్ణి (వాగురాళ్ళ కింద పురుగులుంటేనే ట్రౌట్ చేపకు భోజనం). పైగా పుట్టు శాకాహారిని. "తినవు, పట్టవు. మరి చేపలతోటి నీకేం పనిరా?" అనేవాడు మా వరంగల్ రూమ్మేట్. "వాటికి నీళ్ళొస్తున్నాయో లేదో చూస్తాను." "గంతేనా? మన అపార్ట్‌మెంట్ ప్లంబర్ గూడ గదే జేస్తడు గదా!"

ఆ ప్లంబరు ఉద్యోగంలో నాకు మొదటిసారి ఒంటరిగా అప్పగించిన పని ఒక పశువుల రైతును ఒప్పించడం. మా ఊరి తూర్పు కొండలు దాటాక ఆయన గడ్డిభూములున్నాయి, పక్కనే వాగు ఉంది. ఆగస్టులో ఆయన తూము పూర్తిగా ఎత్తేస్తే నీళ్ళన్నీ కాలువలోకి పోయి, వాగులో చేపపిల్లలు గుంటల్లో చిక్కి చచ్చిపోయేవి. ఆ ఒక్క నెలా తూము సగానికి దించమని అడగాలి. చట్టప్రకారం ఆ నీళ్ళు ఆయనవే కాబట్టి బతిమాలడం తప్ప మా దగ్గర వేరే పాలసీ లేదు. ఇదివరకు వెళ్ళినవాళ్ళకు ఆయన గేటు కూడా తీయలేదట. "రెండే జాగ్రత్తలు," అంది మా బాసమ్మ, తన భర్త వేడర్స్ (చంకల దాకా వచ్చే రబ్బరు ప్యాంటు) నా చేతికిస్తూ. "ఉపన్యాసం ఇవ్వకు. వాగులో గులకరాళ్ళు తెల్లగా కనిపించిన చోట కాలు పెట్టకు. అది చేప గూడు, కింద గుడ్లుంటాయి."

మే నెలలో వెళ్ళాను. నెత్తిమీది టోపీ ఎప్పుడూ తీయడు గనక ఆయన్ని టోపీ తాత అందాం. నన్ను చూసి జాలిపడ్డాడో, వేడర్స్ చూసి నవ్వొచ్చిందో, గేటు తీశాడు. నేను వాగులో దిగి, రెండో జాగ్రత్త మీదే దృష్టంతా పెట్టి, మొదటిది మరిచిపోయి ఉపన్యాసం ఎత్తుకున్నాను. వెనక్కి నడుస్తూ, చేతులూపుతూ, నీటి మట్టం గురించి మంచి ఊపులో ఉండగా తాత కేక పెట్టాడు: "సన్, కాళ్ళ కింద చూసుకో!"

చూసుకుంటే, తెల్లటి గులకరాళ్ళు. ఆ క్షణంలో నా డిగ్రీలన్నీ పక్కకి తప్పుకుని మా అమ్మ పెంపకం ముందుకొచ్చింది. కాలు తీసి, వంగి, ఆ రాళ్ళను తాకి, చేతిని కళ్ళకద్దుకున్నాను. ఆ వంగడంలో వాగు సగం నా వేడర్స్‌లోకి వచ్చేసింది. (వాగు మళ్ళించడం మీద ఫిర్యాదుకెళ్ళినవాణ్ణి!)

తాత పార కర్ర అందించి పైకి లాగాడు. ట్రక్కు వెనక కూర్చోబెట్టి కాఫీ పోశాడు.

"ఇందాక చేసిందేమిటి?"

"కాలు తగిలితే మావాళ్ళు అలా దండం పెట్టుకుంటారు సర్."

"దేనికి తగిలినా?"

"మనుషులకి, పుస్తకాలకి..."

"ఆవుకి?"

"తప్పకుండా."

తాత తన మందవైపు చూశాడు. "నాకైతే తెల్లారి వంగితే సాయంత్రానికి కూడా లేవడం కుదరదు. మరి చేపకి?"

"అది ఇవాళే మొదలు."

నవ్వాడు గానీ తూము సంగతికి ఊ అనలేదు. నీళ్ళోడే ప్యాంటుతో ఇంటిదాకా డ్రైవ్ చేశాను. దారిపొడుగునా తూము కంటే ఆ గుడ్లే గుర్తొచ్చాయి. వారం తర్వాత తాతే ఫోన్ చేశాడు: "నీ కాలికింద ఆ గుడ్లు పగిలాయంటావా?" తెలియదన్నాను. తర్వాతి వారం మళ్ళీ చేశాడు. గుడ్డు ఎన్నాళ్ళకు పిల్లవుతుంది, ఏం తింటుంది, రాళ్ళలోంచి ఎలా బయటికొస్తుంది అంటూ, అన్నేళ్ళుగా పక్కనే పారుతున్న వాగు గురించి నన్ను అడగడం మొదలెట్టాడు. తెలిసింది చెప్పేవాణ్ణి, తెలియంది బాసమ్మనడిగి చెప్పేవాణ్ణి.

ఆగస్టులో బిక్కుబిక్కుమంటూ వెళ్ళేసరికి తూము సగానికి దించి ఉంది. ఒడ్డున మోకాళ్ళ మీద కూర్చున్న తాత, నీళ్ళలో మెరుస్తున్న వేలెడు లేని పిల్లల్ని చూపించాడు. "నువ్వు తొక్కగా మిగిలినవి. రోజూ చూస్తున్నాను కదా, ఇప్పుడు వీటిని ఎండబెట్టమంటావా?" నేనూ ఆయన పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని వాటిని లెక్కపెట్టడం మొదలెట్టాను. బాసమ్మ చెప్పిన మొదటి జాగ్రత్త ఆ ఒక్కరోజే సరిగ్గా పాటించాను.

ఇప్పుడు నేను నీళ్ళ పాలసీలు రాస్తాను, బూట్లు తడవకుండా. నేలమీద పరిచిన నదుల మ్యాపుకి ఎప్పుడైనా కాలు తగిలితే, అటూ ఇటూ చూసి, వంగి కళ్ళకద్దుకుంటాను. ఎక్కడా నీళ్ళు చొరబడవు. వయసొచ్చిన మోకాళ్ళు మాత్రం టోపీ తాతలాగే అడుగుతాయి: "దేనికి తగిలినా?"