చాటింపు లేని సైరన్

ఒక్క మాట అబద్ధం ఆడాను. దాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మనుషులు పోయారు, ఊళ్లు చెదిరిపోయాయి, ఇక ఆ మాట ఎవరికీ గుర్తుండదులే అనుకున్నాను. కానీ నాకు గుర్తుంది. మీరెవరో నాకు తెలియదు, బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. క్షమించమని అడగను. అసలు నేనెలాంటి మనిషినో నాకే తెలుసుకోవాలని ఉంది. ఆ కుతూహలమే నా తప్పుకు మూలమని కూడా తెలుసు.

డెబ్బైల మొదట్లో గోదావరిఖని పక్కన ఒక బడిలో కొత్తగా పంతులమ్మగా చేరాను. మా నాన్న బాయిలో పనిచేసేవాడు. మావైపు బొగ్గుగనిని బాయి అంటారు. యుద్ధం వస్తుందని రేడియోలో మాటలు వినిపిస్తున్న రోజులవి. కమాన్‌పూర్ దారిలో సైనికుల శిబిరం ఒకటి వెలిసింది. దాని వెనక మందుగుండు గోదాము కట్టారు. అందులో నిప్పు పడితే చుట్టుపక్కల మూడు పల్లెల గతేమిటి? ఆ ప్రశ్న మొదట అడిగింది అక్కడి కెప్టెనే. ఉత్తరాది మనిషి. ఆయనకు తెలుగు రాదు, ఆయన హిందీ పల్లెవాళ్లకు సగమే అర్థమయ్యేది. రెండు భాషలూ తెలిసినదాన్నని నన్ను పిలిచారు.

మా బడి వరండాలో అందరం కూర్చునేవాళ్లం. ఒకవైపు ఊరి పెద్దలు, ఒకవైపు సైనికులు, మధ్యలో నేను. ఆపద వస్తే ఎవరేం చెయ్యాలో ఒక్కొక్కటే రాసుకున్నాం. సైరన్ ఆగి ఆగి మూడుసార్లు మోగితే జనం గుట్ట ఎక్కాలి. ముసలివాళ్లను శిబిరం లారీలు తీసుకుపోతాయి. శిబిరానికి నీళ్లు ఆగిపోతే ఊళ్లు నీళ్లివ్వాలి.

"మరి మా ఎడ్ల సంగతేంది?" అని ఒక రైతు లేచాడు.

అది హిందీలో చెప్పగానే కెప్టెన్ నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, ఊరు విడిచేముందు పలుపులు విప్పాలన్న మాట కూడా కలపమన్నాడు. ఆ పని నాకెంత నచ్చిందో చెప్పలేను. ఆపద వస్తే మనిషి ఎటు పరుగెత్తుతాడు? ముందు ఎవరిని వెతుక్కుంటాడు? బడిలో లెక్కలు చెబుతున్నా నా బుర్రలో ఇవే తిరిగేవి.

ఒకసారి సైరన్ మోగించి చూద్దామని శిబిరంలో అనుకున్నారు. పల్లెలకు ముందే చెప్పాలన్నాడు కెప్టెన్. నేను ఒప్పుకోలేదు. "చెబితే అందరూ బుద్ధిగా గుట్టెక్కుతారు. నిజంగా ఏం చేస్తారో మనకెలా తెలుస్తుంది?" అన్నాను. "జనాన్ని హడలగొట్టి నేర్పే పని కాదిది" అన్నాడాయన. సరే, ఊళ్లకు నేనే చెప్పి వస్తానని తలూపాను. లోపల మాత్రం, నాకు తెలిసింది ఈయనకు తెలియదు అనుకున్నాను. ఎంత గర్వం!

రెండు పల్లెలకు చెప్పి వచ్చాను. మూడో ఊళ్లో చాటింపు వేసేది లచ్చయ్య కాక. ఆయన డప్పు కొట్టి చెబితేనే ఊరు నమ్మేది. పంటలప్పుడు ఊరు ఆయనకు గింజలు కొలిచేది. కొడుకు బాయిలో పనిచేసేవాడు. నేను వెళ్లేసరికి కాక ఇంటిముందు కూర్చుని ఉన్నాడు. కోడలు రాజవ్వ చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. నిండు గర్భిణి. నడుముమీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. నేను చూశాను. చూడలేదని అబద్ధం చెప్పుకోవడానికి ఎన్నోసార్లు ప్రయత్నించాను, కుదరలేదు.

"ఏం బిడ్డా, గింత ఎండల వచ్చినవ్? ఏమన్న చాటాలెనా?" అన్నాడు కాక.

"ఏం లేదు కాకా. ఇటే పోతున్న, ఊకె చూసిపోదామని వచ్చిన."

ఎంత తేలిగ్గా అన్నాను! వెనక్కి నడుస్తూ, ఏం చేశానని నన్ను నేను అడిగానా? లేదు. రేపు ఎక్కడ నిలబడితే ఆ ఊరు బాగా కనిపిస్తుందో అని ఆలోచించాను.

మర్నాడు పొద్దున గుట్ట ఎక్కాను. సైరన్ మోగింది. రెండు పల్లెల జనం పిల్లల్ని చంకనేసుకుని, కబుర్లాడుకుంటూ గుట్టవైపు కదిలారు. మూడో ఊళ్లో ఆడవాళ్లు గడపల్లోంచి బయటికొచ్చారు. ఒక్కరు కూడా గుట్టవైపు చూడలేదు. "బాయిల ఏమో అయిందే!" అని ఎవరో కేక పెట్టారు. అంతే, ఊరు ఊరంతా బాయివైపు పరుగెత్తింది.

షిఫ్టు వేళ కాని వేళ సైరన్ మోగితే బొగ్గుబాయి పక్కన బతికే ఆడదానికి ఒకటే అర్థం. నేనూ గనికార్మికుడి కూతుర్నే, అయినా వరండాలో అన్ని మాట్లాడుకున్నాం గానీ ఇది నాకు తట్టలేదు. పైగా బాయికి పోయే దారి గోదాము పక్కనుంచే. నిజంగా నిప్పు పడిన రోజైతే అందరూ దానికే ఎదురు పోయేవాళ్లు. ఇది కళ్లారా చూసినప్పుడు నాకేమనిపించిందో తెలుసా? సంతోషం. దొరికింది, కనిపెట్టాను అనుకున్నాను. ఆ సంతోషంలో ఉండగానే మొరం తవ్విన గుంతలో ఒక మనిషి పడడం చూశాను. పసుపు చీర, నిండు కడుపు. రాజవ్వ.

లారీలో దవాఖానకు తీసుకుపోయారు. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

రెండు రోజుల తర్వాత బడి వరండాలో మళ్లీ అందరం కూర్చున్నాం. ఊరి పెద్దమనిషి లచ్చయ్య కాకను నిలబెట్టాడు.

"పంతులమ్మ నీకు చెప్పిందా, లేదా?"

కాక నావైపు చూశాడు. అందరూ చూశారు.

"చెప్పిన" అన్నాను.

భయంతో అన్నానా? ఉద్యోగం పోతుందనా, మేం వెళ్లే చర్చిలో నాన్న తలెత్తుకోలేడనా? అవన్నీ తర్వాత వెతుక్కున్న కారణాలు. ఆ క్షణంలో ఉన్నది వేరు. అది రాయడానికే ఇన్నేళ్లు పట్టింది. కాక ఇప్పుడేమంటాడు అని ఆత్రంగా చూస్తున్నాను. గుట్టమీద ఊరిని చూసినట్టే చూస్తున్నాను.

ఆయన తల దించుకుని, "చెప్పిందేమో. నేనే మర్చిపోయిన్నేమో" అన్నాడు.

ఎందుకలా అన్నాడు? పంతులమ్మ అబద్ధమాడదని నమ్మి తన జ్ఞాపకాన్నే అనుమానించాడా? అంతా తెలిసి, ఆడపిల్లను పదిమందిలో నిలబెట్టడం ఇష్టం లేక ఊరుకున్నాడా? నా మాట ముందు తన మాట చెల్లదని ముందే అనుకున్నాడా? ఈ మూడింటిలో ఏదైనా నాకు శిక్షే. కానీ ఏదో ఒకటి తెలిస్తే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఊరు చాటింపు పని ఇంకొకరికి ఇచ్చింది. కన్నకొడుకు ఆయనతో మాట్లాడడం మానేశాడట. నేను గుట్టమీద చూసింది కెప్టెన్‌కు చెప్పాను, అనుకోకుండా కంటబడినట్టు. ఆయన సైరన్ తీసేయించి ప్రతి ఊళ్లో పెద్ద గంట కట్టించాడు. మరుసటి ఎండాకాలం గోదాము పక్కన గడ్డి అంటుకుంది. గంటలు మోగగానే మూడు ఊళ్లూ గుట్టెక్కాయి, ఎడ్లు కూడా. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. కెప్టెన్ అందరి ముందు నన్ను మెచ్చుకున్నాడు. చప్పట్లు కొట్టారు.

అంతమంది బతికారు కదా అని మీరు అనొచ్చు. నేనూ అనుకున్నాను, చాలాసార్లు. కానీ బాయి సైరన్ సంగతి ఆ ఊరి ఏ ఆడమనిషిని అడిగినా చెప్పేది. నేను అడగలేదు. వరండాలో ఆడదాన్ని నేనొక్కదాన్నే ఉన్నానని కూడా గమనించలేదు.

కొన్నేళ్లకు మందమర్రి బజారులో లచ్చయ్య కాక ఎదురయ్యాడు. బాగా చిక్కిపోయాడు. "మంచిగున్నవా బిడ్డా?" అన్నాడు. "ఉన్న కాకా" అన్నాను. పక్కన సోడా బండి, మనుషుల రద్దీ. ఆ రోజు ఎందుకలా అన్నావని అడగడానికి అంతకంటే మంచి అవకాశం ఎప్పుడూ దొరకదని తెలుసు. అయినా అడగలేదు. ఆయన సంచి భుజానికెత్తుకుని రైలు కోసం వెళ్లిపోయాడు. తర్వాతి చలికాలంలో పోయాడని విన్నాను.

రాజవ్వ బతికే ఉందట. తర్వాత ఇద్దరు పిల్లలు పుట్టారట. మామ మరిచిపోవడంవల్లే తొలిచూలు పోయిందని ఆమె ఇప్పటికీ అనుకుంటూ ఉండొచ్చు. ఆమె ఇంటికి వెళ్లే ధైర్యం నాకు వస్తుందో లేదో తెలియదు. మీతో మాత్రం చెబుతున్నాను. లచ్చయ్య కాక ఏమీ మరిచిపోలేదు. నేను ఆయనకు ఏమీ చెప్పలేదు.

రాసేశాను. ఊపిరి కాస్త లోపలిదాకా వెళ్తోంది.