దానియేలు అన్న మొదటి ఆల్బమ్

మోటార్ వైండింగ్ షాపు ముందు నుంచి వెళ్తే, ఆ వార్నిష్ వాసనకు ఇప్పటికీ అక్కడే ఆగిపోతాను. ఈ ఉదయం జహీరాబాద్ బస్టాండు దగ్గర అదే జరిగింది. చెవుల్లో దానియేలు అన్న బ్యాండు మొదటి ఆల్బమ్ మోగుతోంది. పది పాటలు. గిటార్ల హోరులో సగం అరుపు, సగం రాగం, మెటల్‌కోర్ అంటారు. మా అమ్మయితే "ఎవల్నో కొడుతున్నట్టుంది" అంటుంది. ఆ అరిచేది అశోక్. అక్కడ ఉండాల్సిన గొంతు నాదని ఇప్పటికీ అనుకుంటాను.

అన్న మా పక్కింటాయన. పగలంతా కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టేవాడు, ఆదివారం చర్చిలో గిటారు వాయించేవాడు. ఇంట్లో అరిస్తే గల్లీ అంతా తలుపులు తీసి చూస్తుందని, ఆ అరుపు పాట నేర్పడానికి నన్ను బండెక్కించుకుని చిరాగ్‌పల్లి దగ్గర హైవే పక్కకు తీసుకెళ్లేవాడు. "లారీ కనవడంగనే మొదలువెట్టు. అది దాటిపోయేదాక ఆపకు. గొంతుల నుంచి గాదు, కడుపుల నుంచి తియ్యి" అనేవాడు. ఒక లారీ వరకు లాగేవాణ్ని. వెనకే ఇంకోటి వస్తే సగంలోనే దగ్గు. అయినా రెండేళ్లు ఆయనకు నేనొక్కణ్నే శిష్యుణ్ని. ఆ గర్వం నాకు చాలా ఉండేది.

తర్వాత ఝరాసంగం నుంచి షేర్ ఆటోలో అశోక్ వచ్చాడు. నా ఈడువాడే. మొదటి రోజే వరసగా మూడు లారీలు దాటిపోయాయి, వాడి అరుపు ఆగలేదు. అన్న నా వీపు చరిచి, "చూసినవారా, ఎట్ల లాగిండో!" అని మురిసిపోయాడు. నాకు ఒళ్లు మండింది. నన్ను చూసి ఆయన ఎన్నడూ అలా మురిసింది లేదు.

ఒక ఆదివారం చర్చి అయ్యాక తన షాపులో ఇద్దరి చేతా పాడించి, రికార్డు చేసి, ఆల్బమ్‌కు ఎవరి గొంతో తేలుస్తానన్నాడు అన్న. అశోక్‌కు చెప్పే పని నాకే అప్పగించాడు. నేను వాడికి ఆ పై ఆదివారం అని చెప్పాను. అన్న చెప్పిన రోజు ఒక్కణ్నే పాడి, "నేను చెప్పిన అన్నా, వాడే రాలే" అన్నాను. వారం తిరిగాక అశోక్ వచ్చి, మూసి ఉన్న షాపు ముందు నిలబడి అన్నకు ఫోన్ చేశాడు.

సాయంత్రం అన్న మా గుమ్మంలోకి వచ్చాడు. తిడతాడనుకున్నాను.

"గిట్లెందుకు చేసినవ్‌రా?"

"వాడుంటే నన్ను తీస్కోవు గదన్నా."

"పదింట్ల నాలుగు పాటలు నీ గొంతుకనే రాసిన" అని, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ నన్ను హైవేకు పిలవలేదు. సిగ్గుతో నేనూ అడగలేదు. ఆ నాలుగు పాటలూ అశోకే పాడాడు. నాకంటే బాగా పాడాడు.

ఆల్బమ్ వివరాల కింద కృతజ్ఞతలు చెప్పిన చోట మొదటి పేరు నాది. చూసి చాలాసేపు నమ్మలేదు. ఫోన్ చేసి, "నా పేరెందుకన్నా?" అని అడిగాను.

"అందరికంటె ముందు నాతోని నిలవడ్డది నువ్వే గదరా" అన్నాడు, అదేదో మామూలు మాటలా.

ఆ పేరు లేకపోతే ఆయన మీద హాయిగా కోపం పెట్టుకుని బతికేవాణ్ని. ఆ దారి కూడా లేకుండా చేశాడు. అశోక్ గొంతు వింటే నాకింకా కుళ్లే. ఇప్పుడు అన్న మనసును తలచుకున్నా కుళ్లే.