ఆటు సమయం ఏడూ నలభై ఎనిమిది

2025 ఆగస్టు పదహారు, శనివారం, తెల్లవారుజామున నాలుగు గంటల నలభై నిమిషాలకు న్యూజెర్సీ పార్సిప్పనీలోని మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో కారు తలుపు తీశాను. లోపలి నుంచి కొట్టిన కంపుకు మళ్లీ మూసేశాను. ఆ రోజు అలా మొదలైంది.

కంపు మా మనవరాలి రబ్బరు సూటుది. ఆ పిల్ల మా అమ్మాయి కూతురు, ఇరవై ఏళ్లది. కిందటేడు కాలేజీ వాళ్లు ఒక సెమిస్టర్‌కి వేల్స్ పంపితే, చదివిందెంతో తెలియదు గానీ అక్కడి సముద్రంలో పలక మీద నిలబడి అలల మీద జారడం నేర్చుకొచ్చింది. ఇల్లూ చెట్టూ లేని ఇసుక తీరమట, ఎప్పుడూ ఈదురుగాలేనట. "ఆ చలికి అందరూ సూట్‌లోనే పోసేసుకుంటారు అమ్మమ్మా, వార్మ్‌గా ఉంటుంది" అని నవ్వుతూ చెప్పింది. అది చెప్పినప్పటి నుంచి మా బాత్‌రూములో ఆ సూటు వేలాడే కొక్కేన్ని నేను ముట్టలేదు.

"దాన్ని ట్రంక్‌లో పడెయ్యవే."

"ట్రంక్‌లో నీ కుర్చీ ఉంది. నీ గొడుగు, నీ డబ్బా, నీ సెకండ్ డబ్బా. ప్లేస్ ఎక్కడుంది?"

కిటికీలు దించుకుని బయల్దేరాం.

వెళుతున్నది ఆ పిల్ల బాప్తిస్మానికి. మా ఇంట్లో ఒక పుస్తకం ఉంది, మా తాతగారు మొదలుపెట్టింది. పేరు, తేదీ, ఏ నీళ్లు, ఇచ్చినవారు, సాక్షి, ఇలా అయిదు గడులు. అందులో ఇరవై ఆరు పేర్లున్నాయి. ఇరవై అయిదింటికి గడులన్నీ నిండాయి. ఇరవై ఆరోది మా మనవరాలిది. పుట్టిన నాడే పేరు రాసి, మిగతా నాలుగు గడులూ ఖాళీగా ఉంచాను. నాకిప్పుడు డెబ్బై ఎనిమిది. ఆ గడులు నా చేత్తో నింపాలని నా కోరిక. నా తరవాత ఆ పుస్తకం ముట్టుకునేవాళ్లు ఎవరూ లేరు.

పిల్ల అయిదేళ్లు వద్దంటూ వచ్చింది, మే నెలలో సరేనంది. కానీ ఒక షరతు పెట్టింది. మా తెలుగు సంఘానికి సొంత గుడి లేదు. ఎడిసన్‌లో ఒక అమెరికన్ చర్చిని ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకు తీసుకుంటాం. బాప్తిస్మాలకు పార్కింగ్‌లో గాలి ఊదిన ప్లాస్టిక్ తొట్టి పెడతారు. "అమ్మమ్మా, లాస్ట్ టైమ్ ఆ టబ్‌లో ఎవరిదో హెయిర్ తేలుతోంది. నేను అందులో మునగను. ఓషన్‌లో అయితే ఓకే." ఆ వెంట్రుకను నేనూ చూశాను. అందుకే ఒప్పుకున్నాను.

నా బాప్తిస్మం 1961 ఏప్రిల్‌లో, తెనాలి దగ్గర కాలువలో జరిగింది. మధ్యాహ్నం నుంచి కాలువ కట్టేస్తారని తెలిసి మా నాన్నగారు పాస్టరు అయ్యగారిని నిద్రలేపి తీసుకొచ్చారు. అరగంటలో పదకొండు మందిమి మునిగి లేచాం. గేదెల పేడ పక్కనే తేలుతూ పోయింది గానీ నీళ్లు ఇంకా నడుము లోతున ఉన్నాయి. నీళ్లు మన కోసం ఆగవని ఆ రోజే తెలుసుకున్నాను. తరవాత ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. ఈ సముద్రానికి కూడా ఆటుపోట్ల పట్టిక తెప్పించి చూశాను. ఆ రోజు నీరు బాగా వెనక్కి తగ్గేది ఉదయం ఏడూ నలభై ఎనిమిదికి. సంఘంలో అందరినీ ఆరింటికల్లా అక్కడ ఉండమన్నాను. గంటన్నర ఆలస్యం చేస్తారని తెలిసే ఆరన్నాను.

మేం ఆరూ పదికి చేరాం. పార్కింగ్‌లో ఒక పెద్దమనిషి తువ్వాలు చుట్టుకుని, దాని కిందే బట్టలు మార్చుకుంటూ నాకు గుడ్ మార్నింగ్ చెప్పాడు. మొబైల్ మరుగుదొడ్డి తలుపు తీసి, లోపల కనిపించింది చూసి, ఇంటికి వెళ్లేదాకా ఓర్చుకోవాలని నిశ్చయించుకున్నాను. ఇసుక దిబ్బలు దాటి వెళితే తీరం పొడుగునా కుళ్లిన నాచు ఉంది, ముక్క ముక్కలుగా చచ్చిన పెద్ద పీతలున్నాయి, ఒక పక్షి అస్థిపంజరం ఉంది. పడమటి గాలికి ఈగలు లేచాయి. మామూలు ఈగలు కావవి. చీర అంచు కిందికి దూరి చీలమండలను కరుస్తాయి. ఏడు గంటలకు లెక్కపెడితే పద్నాలుగు దద్దుర్లు. జనం వందల మైళ్లు కారు తోలుకుని ఈ చోటికి ఎందుకు వస్తారో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

"వేల్స్‌లో బీచ్ కూడా సేమ్ ఇట్లానే ఉంటుంది" అంది పిల్ల, దాన్నొక మెప్పుగా.

ఏడున్నరకు సంఘం జాడ లేదు. పిల్ల నీళ్ల దాకా వెళ్లి చూసి వచ్చింది.

"అమ్మమ్మా, వాటర్ ఇప్పుడు పర్ఫెక్ట్ ఉంది. అలలు లేవు. నువ్వు రా. నాతో నిలబడు."

"అయ్యగారు రావాలి కదే."

"ఆయన వచ్చాక ఆయనతో చేస్తా. ఫస్ట్ నీతో. మోకాళ్ల దాకా వస్తే చాలు."

"బాప్తిస్మం ఒక్కసారే. రిహార్సల్స్ ఉండవు."

"రిహార్సల్ కాదు." ఆ పిల్ల ఇంకేదో చెప్పబోయి తెలుగు మాట దొరక్క ఆగింది. "జస్ట్ రా."

నేను నీళ్ల అంచు కేసి చూశాను. పసుపుపచ్చని నురగ, అందులో జిగటగా వణికే జెల్లీ ముద్దలు. "ఆ ఛండాలంలో నేను కాలు పెట్టను. వేరే చీర తెచ్చుకోలేదు" అన్నాను.

పిల్ల ఒక్కతే వెళ్లింది. నడుము లోతులో చాలాసేపు కదలకుండా నిలబడింది. తల వంచింది. పూర్తిగా మునిగి, లేచి, మొహం తుడుచుకుని ఒడ్డు కేసి తిరిగింది. సంఘం ఎంత ఆలస్యం చేస్తోందో చూడమని చెయ్యెత్తి నా వాచీ చూపించాను. సరిగ్గా ఏడూ నలభై ఎనిమిది.

తొమ్మిదీ ఇరవైకి కాన్వాయ్ వచ్చింది. పదకొండు కార్లు. అందరూ ఎడిసన్‌లో కలుసుకుని, కలిసి ప్రార్థన చేసి, ఒకరి వెనక ఒకరు వెళదామనుకున్నారట. అంటే అందరికంటే ఆలస్యంగా లేచిన ఇంటివాళ్లు ఎప్పుడొస్తే అప్పుడే అందరూ బయల్దేరడం. దారిలో ఒక కారు ఎగ్జిట్ తప్పితే మిగతా పదీ రెస్ట్ ఏరియాలో ఆగి దాని కోసం కాచుకున్నాయి. మా అమ్మాయి ఇడ్లీ ట్రేలతో ఆరో కారులో ఉంది. నా మొహం చూసి, దిగి ఏడో కారు చాటుకు తప్పుకుంది.

"వందనాలమ్మా!" అన్నారు అయ్యగారు. తెల్ల చొక్కా, నల్ల టై, ఇస్త్రీ ప్యాంటు.

"ఆటు ఏడూ నలభై ఎనిమిదికండీ. ఇప్పుడు పోటు మొదలై గంటన్నర."

"దేవుడు ఎర్రసముద్రాన్నే ఆపాడమ్మా, ఈ అట్లాంటిక్ ఎంత?"

"అప్పుడు ఇశ్రాయేలీయులు పిండి పులిసేదాకా కూడా ఆగకుండా బయల్దేరారండీ. మనం పిండి పులిసి, ఇడ్లీ ఉడికి, చల్లారేదాకా ఆగాం."

అయ్యగారి భార్యను మేం అమ్మగారంటాం. ఆవిడ పైట అడ్డం పెట్టుకుని నవ్వింది. అయ్యగారు నవ్వలేదు.

అప్పుడైనా నీళ్లలోకి దిగొచ్చు. దిగలేదు. ముందు టిఫిన్లు అన్నారు. సీగల్ పక్షులు వచ్చి రెండు ట్రేలను కాళ్లతో తన్ని, ఇడ్లీలు ఎత్తుకుపోయి, తిన్నచోటే మా దుప్పట్ల మీద రెట్టలు వేశాయి. ఇసుక కలిసిన చట్నీని జనం పళ్లు కరకరలాడించుకుంటూ తిన్నారు. కాగితం పళ్లేలు గాలికి దిబ్బల మీదికి ఎగిరితే ఒక్కరూ లేవలేదు. పందొమ్మిది పళ్లేలు నేనే ఏరాను. తరవాత పాటలు అయిదు, సాక్ష్యాలు మూడు, వాక్యం ముప్పై అయిదు నిమిషాలు. ప్రతి పాటకూ సముద్రం ఒక అడుగు ముందుకొచ్చింది. పిల్ల తెల్ల గౌను వేసుకుని నా కుర్చీ పక్కన గొంతుక్కూర్చుంది.

పదీ నలభైకి నీళ్లలోకి దిగారు. అప్పటికి అలలు పిల్ల భుజాల దాకా లేచి ఒడ్డుకు దగ్గరలోనే విరుగుతున్నాయి.

"అయ్యగారూ, వేవ్‌కి బ్యాక్ పెట్టకండి. సైడ్‌కి నిలబడండి" అంది పిల్ల.

"భయపడకు తల్లీ, నేను మూడు వందల మందికి ఇచ్చాను."

ఇచ్చింది తొట్టిలో. ఒడ్డున పదిహేను ఫోన్లు వీడియో తీస్తున్నాయి. ఇండియాలో ఉన్న వాళ్లకు లైవ్ వెళుతోంది. అందుకని ఆయన మొహం ఫోన్ల వైపు, వీపు అట్లాంటిక్ వైపు పెట్టి నిలబడ్డారు. ఒక చేతిలో మైకు. "అయ్యగారూ, కొంచెం ఎడమకి!" అని ఒడ్డు నుంచి ఎవరో అరిచారు. ఆయన ఎడమకి జరిగారు. కుడి చెయ్యి పైకెత్తి "తండ్రి యొక్కయు" అన్నారు. మిగతా మాట అల మింగింది. ఆయన కనిపించలేదు.

పిల్ల మునిగి టై పట్టుకుని ఆయన్ని పైకి లాగింది. రెండో అల ఇద్దరినీ తోసుకొచ్చి, నా కుర్చీని మడిచి, నన్ను ఆ పసుపు నురగలోనే కూలబెట్టింది. పొద్దున్న నేను కాలు పెట్టనన్నది అందులోనే. అయ్యగారు చేతుల మీద వాలి, సముద్రాన్నీ చట్నీనీ కలిపి నా కొంగు మీద కక్కుకున్నారు. ఫోన్లు ఇంకా తీస్తూనే ఉన్నాయి.

తేరుకున్నాక అమ్మగారు పిల్ల తల తుడుస్తూ అంది: "పోనీలే తల్లీ. వచ్చే ఆదివారం శుభ్రంగా టబ్బులో పెట్టేద్దాం, ఏం?"

"వద్దు ఆంటీ. నాకు అయిపోయింది."

అందరూ విసుగొచ్చి అంటోందనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. కారులో, పార్క్‌వే ఎక్కాక, డబ్బాలో వెంట తెచ్చుకున్న పుస్తకం తీసి తడవలేదని చూసుకున్నాను. పిల్ల రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా అంది:

"రాసుకో అమ్మమ్మా. సెవెన్ ఫార్టీ ఎయిట్."

"ఏమిటి రాయడం?"

"పొద్దున. నేను ప్రే చేసి మునిగాను కదా. నువ్వు చూశావు. వాచ్ చూపించావు."

పుస్తకం తెరిచి ఇరవై ఆరో పేరు దగ్గర వేలు పెట్టాను. నోట వచ్చిన మాట కూడా పుస్తకం మాటే. "ఇచ్చింది ఎవరని రాయను?"

"ఎవరూ లేరు. నిన్ను రమ్మన్నాను."

"అలా కుదరదే. ఆదివారం అయ్యగారితో..."

"నో, అమ్మమ్మా. నేను ట్వైస్ చెయ్యను. నువ్వే చెప్పావు, ఒక్కసారే అని."

కోపంగా కూడా అనలేదు. ఆ తరవాత ఇంటిదాకా రేడియో పెట్టుకుంది. నా చీర ఆ రబ్బరు సూటు కంటే ఎక్కువ కంపు కొడుతోంది, అయినా నేను కిటికీ దించమనలేదు. సంఘం మీద ఆ పొద్దంతా పడ్డ అసహ్యం కాస్తా అప్పటికి నా మీదికి తిరిగింది. వాళ్లు ఆలస్యంగా వచ్చారు. నేను ఆటుకు గంటా ముప్పై ఎనిమిది నిమిషాలు ముందే వచ్చి, నీళ్లకు ఇరవై గజాల దూరంలో, కుర్చీలో కూర్చున్నాను.

మధ్యాహ్నం రెండింటికి స్నానం చేసి, అలవాటు ప్రకారం ఆ రోజు పోయినవి ఒక విడి కాగితం మీద రాశాను.

అయ్యగారి కళ్లజోడు, ఒకటి. మైకు, ఒకటి. నా ఎడమ చెప్పు. మడత కుర్చీ, ఒకటి. ఇడ్లీలు, సుమారు అరవై. కాగితం పళ్లేలు, నేను ఏరనివి, ఎన్నో తెలియదు. చీర, ఒకటి. ఆటు నుంచి కాన్వాయ్ వచ్చేదాకా తొంభై రెండు నిమిషాలు. ఇరవై ఆరో పేరుకు ఖాళీగానే ఉండిపోయిన గడులు, నాలుగు. అందులో సాక్షి గడి నాది.