పురిటింటి నల్లా

డాబా మీద పైపు ఊడదీసి పక్కన పడేశారు. అయినా కింద సరోజ వంటింట్లో నల్లా నుంచి నీళ్లు ధారగా పడుతూనే ఉన్నాయి. కళ్లారా చూశాను.

దయ్యాలను, మహిమలను నేనెన్నడూ నమ్మినవాణ్ణి కాను. పత్రికలో పనిచేసేవాణ్ణి. అలాంటి వార్త ఎవరు తెచ్చినా చెత్తబుట్టలో వేసేవాణ్ణి.

ఎనభైలలో హన్మకొండలో అపార్టుమెంట్లు కొత్త. మా మూడంతస్తులకూ ఒకే మోటారు, డాబా మీద ఒకే టాంకీ. అక్కడి నుంచి ఒక్కో ఇంటికి ఒక్కో పైపు. సరోజది మా ఎదురిల్లు. భర్తకు డోర్నకల్‌లో రైల్వే డ్యూటీ, వారానికోసారి వచ్చేవాడు. సరోజకు ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. దవాఖాన నుంచి ఇంటికొచ్చిన నాడే, పురుడు వచ్చిన ఏ ఇంటికైనా అది వెళ్లేదాకా నీళ్లు ఆపాలని మా బిల్డింగు కమిటీ తీర్మానించింది. ఊళ్లో పురిటివాళ్లను బావి దగ్గరికి రానివ్వరు కదా, టాంకీ కూడా బావిలాంటిదేనట.

కమిటీ పెద్ద బజారులో బట్టల దుకాణం నడిపే ఆసామి. వెళ్లి గట్టిగానే అడిగాను.

"నీళ్లు పైనుంచి కిందికొస్తయి గదన్నా, మైల పైకెట్ల ఎక్కుతది?"

"గవన్నీ మీ పేపర్ల రాసుకోండ్రి సార్. మా ఇంట్ల దేవునికి నైవేద్యం వండుతరు."

అంటే కుట్లు మానని బాలింత వీధి చివర బోరింగు నుంచి బిందెలు మోయాలి. వాల్వు ఆయనే స్వయంగా మూసేశాడు.

నేను మా ఇంటి నుంచి ఒక బిందె తీసుకెళ్లాను. సరోజ తలుపు తీసి, "అన్నా, జర లోపటికొచ్చి చూడు. నల్లా బంద్ గాలె," అంది.

వాల్వు సరిగా పడలేదనుకున్నాను. ఆ పెద్దమనిషీ అదే అనుకున్నాడు. ఊరుకోక మనిషిని పిలిపించి పైపే తీయించాడు. నేనూ డాబా ఎక్కి చూశాను, పైపు లోపల పొడిగా ఉంది. దిగొచ్చి చూస్తే ధార తగ్గలేదు. చెంబుతో పట్టి తాగాను. చల్లగా ఉన్నాయి. మా టాంకీ నీళ్ల తుప్పు వాసన లేదు.

ఆయన గుమ్మం బయటే నిలబడి, "మంత్రాలేమన్న నేర్చిందా గీ పిల్ల?" అన్నాడు.

సరోజ బిడ్డ గుడ్డలు పిండుతూ తలెత్తలేదు. "నీకు సుత గావాల్నంటే పట్టుకపో కాకా."

ఆయన మెట్లు దిగిపోయాడు. మర్నాటికి, ఆమెకు చేతబడి వచ్చని మూడంతస్తులూ చెప్పుకున్నాయి. బాలింతకు నీళ్లు ఆపడం తప్పని ఒక్క నోరూ అనలేదు.

పురుడు వెళ్లాక పైపు మళ్లీ బిగించారు. అన్ని రోజులూ ఆ నీళ్లు ఎక్కడివో నాకిప్పటికీ అంతుపట్టదు. ఆ తీర్మానాన్ని మాత్రం కమిటీ ఎన్నడూ రద్దు చేయలేదు.