మా మామ, ఆ పాత డీజిల్ కారు

మా మామ పోయాడు. బడిలో ప్రార్థన అయిపోయి పిల్లలు తరగతుల్లోకి పోతుండగా మా ఆడబిడ్డ ఫోన్ చేసింది. "వదినా, నాయన ల్యాడు" అని అంతమాత్రం చెప్పి, ఫోన్ పక్కనున్నవాళ్ళ చేతికిచ్చింది. పొద్దున లేచి ముఖం కడుక్కుని, కాఫీ తాగి, వసారాలో మంచం మీద ఒరిగినవాడు అట్లాగే పోయాడట. హెడ్మాస్టరు గారికి చెప్పి కారు తీశాను. "ఎవరినైనా తోడు పంపమంటారా మేడమ్" అన్నారాయన. వద్దన్నాను. పులివెందుల దగ్గరి మా బడి నుంచి కొండాపురం దగ్గరి ఆయన కాలనీకి, కళ్ళు తుడుచుకుంటూ, ఒక్కదాన్నే తోలుకుంటూ పోయాను. అట్లా ఒక్కదాన్నే పోగలిగానంటే అది ఆయన చలవే. అందుకే ఆయన గురించి నాలుగు మాటలు మీతో చెప్పుకోవాలనిపించింది.

మామ అంటే నా భర్త తండ్రి. పుట్టినప్పటి నుంచి గొర్రెల మధ్య బతికిన మనిషి. ఊరు గండికోట రిజర్వాయరు నీళ్ళ కిందికి పోయినప్పుడు అందరితో పాటు పునరావాస కాలనీకి వచ్చాడు. కాలనీలో ఇల్లయితే ఉంది గానీ మందకు చోటు లేదు, మేపడానికి బీడు లేదు. గొర్రెల్ని అమ్మేసి కాస్త సేద్యం పెట్టుకున్నాడు. చొక్కా జేబులో ఎప్పుడూ వేయించిన శనక్కాయలుండేవి. ఎదురుపడిన వాళ్ళెవరైనా సరే, ముందు ఒక గుప్పెడు తీసి చేతిలో పోసేవాడు. పలకరింపు ఆ తర్వాతే.

నా భర్త ఉన్నట్టుండి గుండె ఆగి చనిపోయాడు. అప్పుడు మేము జమ్మలమడుగులో ఉండేవాళ్ళం. ఆయన ముచ్చటపడి కొనుక్కున్న కారు, అప్పటికే ఎవరో వాడి వదిలేసిన పాత డీజిల్ కారు, గోడ వారగా టార్పాలిన్ పట్ట కింద ఉండిపోయింది. నేను ఆ పక్కకు చూసేదాన్నే కాదు. అంతలో నాకు బదిలీ అయింది. కొత్త బడి పులివెందుల దగ్గర, మెయిన్ రోడ్డుకు శానా లోపల. బడి వేళకు చేర్చే బస్సు లేదు. ప్రొద్దుటూరులో ఉండే మా అన్న వచ్చి, "సెలవు పెట్టి మా ఇంటికి వచ్చేయ్, మళ్ళీ బదిలీలప్పుడు చూద్దాం" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. నేనూ సరేననే అనుకున్నాను. అప్పట్లో నా బతుకు ఎవరు ఎటు తీసుకుపోతే అటు పోయేటట్టుండేది.

మామ మాత్రం, "పోతే మల్లా రాలేవు మ్మా" అన్నాడు, నేల చూస్తూ. ముఖ్యమైన మాట ఏదైనా ఆయన నేల చూస్తూనే చెప్పేవాడు. తర్వాతి ఆదివారం కాలనీ నుంచి బస్సెక్కి వచ్చి, నన్నడగకుండానే ఆ పట్ట లాగేశాడు. "నేర్చుకో."

"నలుగురూ ఏమనుకుంటారు మామా?"

"అనుకోనీ. నువ్వు పోతా వస్తా ఉంటే వాళ్ళే అలవాటు పడ్తారు."

డ్రైవింగ్ నేర్పే అతను ముందు సీట్లో, మామ వెనక సీట్లో. ఆదివారం వస్తే అదే మా పని. బండి మలుపు తిరిగితే ఆయన ఒళ్ళంతా అటు వంచేవాడు, తను వంగకపోతే కారు తిరగదన్నట్టు. నేను గేరు తప్పుగా వేసి బండి గింజుకుంటే నోరెత్తేవాడు కాదు. ఇంటికొచ్చి దిగాక మాత్రం, "ఈ పొద్దు బాగనే పోయినాం" అనేవాడు. రోడ్డు పక్క కంపచెట్ల మీదికి ఎక్కించిన రోజు కూడా అదే మాట అన్నాడు.

అట్లా నేర్చుకుని బడికి పోయి రావడం మొదలుపెట్టాను. కొన్నాళ్ళు బాగానే జరిగింది. ఒకరోజు సాయంత్రం ముద్దనూరు దారిలో మిట్ట ఎక్కుతుంటే కారు ఉన్నట్టుండి నీరసపడిపోయింది. ఎంత తొక్కినా ముందుకు పోదు. వెనక నల్లటి పొగ. బానెట్ కింద నుంచి ఈలలాంటి చప్పుడు. జమ్మలమడుగులో చూపిస్తే, "టర్బో పోయినట్టుంది మేడమ్, ఇంత పాత బండికి అది వేయించేకంటే అమ్ముకోవడం మేలు" అన్నారు. మా అన్న కూడా అదే అన్నాడు. కొనేవాళ్ళను కూడా చూసిపెట్టాడు. బండి లేకపోతే బడి లేదు, బడి లేకపోతే మా అన్న ఇల్లే గతి. ఆ సాయంత్రం మామకు ఫోన్ చేసి ఏడ్చేశాను.

"ఎవురన్నా ఇప్పి చూసినారా?" అని అడిగాడు.

"లేదు మామా. చప్పుడు విని చెప్పినారు."

"ఇంకా చూడనే ల్యా గదమ్మా. చూడకముందే ఏడిస్తే ఎట్ల? గొర్రె రొప్పుతాంటే ఊపిరితిత్తి పోయిందనుకుంటామా? గొంతులో ఏమన్నా అడ్డం పడిండచ్చు. నేనొస్తాండా, ఉండు."

మరుసటి రోజు బడికి సెలవు పెట్టి, మామను పక్కన కూర్చోబెట్టుకుని, మెల్లమెల్లగా ప్రొద్దుటూరు పోయాను. అక్కడ నా భర్త బండి చూపించుకునే మెకానిక్ షెడ్డు ఉంది. ఆ మెకానిక్‌ను అందరూ భాయ్ అంటారు. మమ్మల్ని చూడగానే భాయ్ చేస్తున్న పని ఆపేసి, మామ చేతులు రెండూ పట్టుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "పొగ ఏ రంగులో వస్తాంది మ్మా?" అని అడిగాడు.

"నల్లగా వస్తాంది భాయ్."

"నీలంగా కాదు గదా? నీలం అయితే ఆయిల్ కాలిపోతాందని. నలుపైతే డీజిల్‌కు తగ్గ గాలి అందడం ల్యా అని. టర్బో పోయిండచ్చు, బాగనే ఉండనూ వచ్చు. చూస్తేగానీ చెప్పలేను."

"ఆ టర్బో అంటే ఏంది నాయనా?" అన్నాడు మామ. ఆయనకు కారు గురించి ఏమీ తెలియదు. తెలియదని చెప్పడానికి సిగ్గూ లేదు. భాయ్ ఓపిగ్గా చెప్పాడు. ఇంజన్‌లోంచి బయటికి పోయే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో చివర ఇంకో చక్రం ఉంటుంది. అది బయటి గాలిని పీల్చి గొట్టాల గుండా ఇంజన్‌లోకి బలంగా తోస్తుంది. "అంటే కొలిమికాడ తిత్తి మాదిరా?" అన్నాడు మామ. "అంతే పెద్దాయనా, అంతే!" అని భాయ్ నవ్వాడు.

ఇంజన్ చల్లారే దాకా టీ తాగుతూ కూర్చున్నాం. తర్వాత భాయ్ ఆయిల్ చూశాడు. తగ్గలేదు. టర్బో ముందున్న గొట్టం ఊడదీసి, టార్చ్ వేసి, లోపలి చక్రాన్ని వేలితో తిప్పాడు. అది దేనికీ తగలకుండా నున్నగా తిరిగింది. ఇరుసును పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగి చూశాడు. కదల్లేదు. రెక్కల అంచులు ఎక్కడా అరగలేదు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. "టర్బో బాగుంది మ్మా" అన్నాడు. "అది తోసే గాలి మధ్యలో యాడనో పోతాంది."

గొట్టాన్ని మళ్ళీ బిగించి, నన్ను స్టీరింగ్ ముందు కూర్చోమన్నాడు. నేను యాక్సిలరేటర్ తొక్కుతుంటే ఆయనా, మామా చెరో పక్క వంగి విన్నారు. స్స్ మని చప్పుడైతే వస్తోంది గానీ ఎక్కడి నుంచో తెలియలేదు. మామ చెయ్యి చాపబోతే, "ఫ్యాన్ ఉంది పెద్దాయనా, దూరం!" అని భాయ్ ఆయన్ని వెనక్కి లాగాడు. ఆపైన ఇంజన్ ఆపించి, గొట్టాల్లోకి కంప్రెసర్ గాలి కాస్త ఎక్కించి, వాటి మీద సబ్బునీళ్ళు చల్లుకుంటూ వచ్చాడు. రేడియేటర్ దగ్గర వంకర తిరిగిన లావుపాటి రబ్బరు గొట్టం అడుగున తెల్లగా నురగ పొంగింది.

ఆ గొట్టం ఊడదీసి చూస్తే, అడుగున పగులు. ఆ పగులు మీద నల్లటి టేపు చుట్టి ఉంది. వేడికి జిగురు పోయి ఒక పక్క లేచింది. "ఎవురో ముందే చుట్టినారే. మా షెడ్డులో చుట్టింది కాదు ఇది" అన్నాడు భాయ్.

మామ ఆ గొట్టాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. టేపు చివర చిన్న మడత ఉంది, మళ్ళీ విప్పాల్సి వస్తే గోటితో గిల్లుకోకుండా పట్టుకుని లాగడానికి. నా భర్త దేనికి టేపు చుట్టినా చివర అట్లా మడిచేవాడు. ఇంట్లో కరెంటు తీగలకు అదే మడత, నా బడి పుస్తకాల అట్టలకూ అదే మడత. నాకు తెలుసు. మామకూ తెలుసు.

"మావోడు" అన్నాడు మామ.

భాయ్ అటు తిరిగి చేతులు తుడుచుకున్నాడు. మామ ఆ మడత మీద బొటనవేలితో ఒకటికి రెండుసార్లు నిమిరాడు. నేను, "దాన్నే బాగుచేసి మళ్ళీ వేయలేరా భాయ్?" అన్నాను. అట్లా ఎందుకన్నానో నాకే తెలియదు. భాయ్ జవాబు చెప్పేలోపే మామ నా పక్కకు వచ్చి, ఈసారి నేల చూడకుండా నా ముఖం చూసి చెప్పాడు.

"వాడు చుట్టింది ఇన్నాళ్ళు పన్జేసింది మ్మా. చాలు. ఇంగ కొత్తది ఎయ్యనీ."

ఆ మాట గొట్టం గురించి చెప్పాడా, నా గురించి చెప్పాడా అని ఆ తర్వాత శానాసార్లు అనుకున్నాను. ఆయన్ని మాత్రం ఎప్పుడూ అడగలేదు. పాత గొట్టాన్ని టవల్లో చుట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు.

కొత్త గొట్టం వేసి ఇస్తూ భాయ్ ఒక జాగ్రత్త చెప్పాడు. దూరం పోయి వచ్చాక తాళం వెంటనే తిప్పెయ్యకూడదు, కాసేపు ఇంజన్‌ను ఉత్తినే ఆడనివ్వాలి, లేకపోతే లోపల ఇంకా తిరుగుతున్న చక్రానికి ఆయిల్ అందదు అని. నేను విని మర్చిపోయేదాన్నేమో. మామ మర్చిపోలేదు. అప్పటి నుంచి నాతో కారులో ఎప్పుడొచ్చినా, ఇంటి ముందు ఆపగానే నా చెయ్యి పట్టుకుని, "ఉండు మ్మా, దాన్ని ఊపిరి తీసుకోనీ" అనేవాడు. ఇద్దరం సీట్లలో అట్లాగే కూర్చునేవాళ్ళం. ఆయన బతుకులోని సంగతులు నాకు తెలిసినవన్నీ ఆ కాసేపట్లో విన్నవే. తల్లి చనిపోయిన గొర్రెపిల్లకు ఇంకో గొర్రె చేత పాలిప్పించడం ఎట్లా, కొడుకు మొదటిసారి బడి ఎగ్గొట్టి ఎక్కడ దాక్కున్నాడు, ఊరు వదిలిన రోజు పొయ్యి రాళ్ళను మా అత్త ఎందుకు మూట కట్టుకుంది. ఇంజన్ ఆపితే ఆయన మాటలూ ఆగిపోయేవి. దిగి, కారు తలుపును రెండు చేతులతో మెత్తగా నెట్టి వెళ్ళిపోయేవాడు.

కారు నీరసపడ్డ ఆ మిట్ట సంగతి చెప్పలేదు కదా. గొట్టం మార్చిన రోజు, షెడ్డు నుంచి నేరుగా అక్కడికే పోనిమ్మన్నాడు మామ. "ఆడ ఎక్కితేనే బాగైనట్టు లెక్క." కారు ఎక్కింది. మధ్యలో గేరు కూడా తగ్గించలేదు నేను. పైకి చేరాక రోడ్డు పక్కన ఆపి ఆయన వైపు చూశాను. ఏదో ఒకటి అంటాడనుకున్నాను. జేబులోంచి శనక్కాయలు తీసి నా దోసిట్లో పోసి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆయన గడ్డం అదురుతోంది. నేను చూడనట్టే శనక్కాయలు ఒలుచుకున్నాను.

అంత్యక్రియల రోజు కాలనీ నిండా జనం. పొద్దు వాలేసరికి ఒక్కొక్కరే కదిలారు. చివరికి ముగ్గురు అవ్వలు మిగిలారు. మునిగిపోయిన ఊర్లో మామతో పాటు పుట్టి పెరిగినవాళ్ళట. ఇప్పుడు ఇంకో కాలనీలో ఉంటున్నారు. వాళ్ళు వచ్చిన ఆటో వెళ్ళిపోయింది. నేను దింపుతానన్నాను.

"తోలేది ఎవురు?" అంది ఒకామె, కారు చుట్టూ చూస్తూ.

"నేనే అవ్వా."

"నువ్వేనా! నా కోడలు కొండలు ఎక్కించి దింపుతాది అని అంటా ఉండె ఆయప్ప. కోతలు కోస్తాండాడనుకుంటిమి."

దారి పొడవునా వాళ్ళు ఆయన చిన్నప్పటి సంగతులు చెప్పుకుంటూ ఒకసారి నవ్వారు, ఒకసారి ఏడ్చారు. వెనక కూర్చున్న అవ్వ నా భుజం మీద వేసిన చెయ్యి దిగేదాకా తియ్యలేదు. వాళ్ళ కాలనీ మలుపులో దింపి, బండి తిప్పుకుని బయల్దేరాను. కొంతదూరం పోయాక అద్దంలో చూస్తే, ముగ్గురూ ఇంకా రోడ్డు అంచునే నిలబడి ఉన్నారు. వెనక నుంచి ఎండ పడుతోంది. చీర కొంగులు గాలికి ఒకే వైపు ఎగురుతున్నాయి. అందులో ఒకామె చెయ్యి చాపి, అరచేతిని మెల్లగా కిందికీ పైకీ ఆడిస్తూ, నేను కనుమరుగయ్యేదాకా నాకు నిదానం నిదానం అని చెబుతూనే ఉంది.