మామ పేరున్న టెస్టు

నిన్న ఆఫీసులో ఒకే కంప్యూటర్ ముందు ఉన్నవి ఇవి: నేను, కొత్తగా చేరిన అమ్మాయి, చల్లారిన రెండు చాయ్‌లు, తెర మీద ‘మామ’ అనే టెస్టు. ఈ మామ ఎవరు, తీసేయనా అని ఆ అమ్మాయి అడిగింది. వద్దన్నాను. ఎందుకో చెప్పాలంటే కాల్హేర్ గోదాముల దాకా వెనక్కి పోవాలి.

అక్కడి ఒక గోదాము గేటు దాటే లారీలను ఫోన్లో నమోదు చేసుకునే వెబ్ అప్లికేషన్, నా ఉద్యోగంలో మొదటి పని. కోడ్‌లో చిన్న ముక్కను పరీక్షించాలన్నా దాన్ని నడిపే ఫ్రేమ్‌వర్క్ మొత్తం లేవాలి, అది లేచేలోగా కరెంటు పోయేది. అందుకని దాని చోట మాక్‌లు నిలబెట్టుకున్నాను. మాక్ అంటే ఉత్తుత్తిది, మనం నేర్పిన జవాబే చెబుతుంది. ఫోన్లో లాగిన్ అయి ఉన్న మనిషెవరని అడిగితే నా మాక్ పొద్దంతా ఒకే పేరు చెప్పేది, టెస్టులన్నీ పాసయ్యేవి.

ఆ గేటు దగ్గర కాపలా మా మేనమామ. దగ్గర్లోని కనేరిలో ఏళ్ల తరబడి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపి, ఆ చప్పుడుకు చెవులు మందగించాక అక్కడ కుదిరాడు. పర్మనెంట్ చేస్తారని ఆశగా ఉన్నాడు. మా అప్లికేషన్ ట్రయల్ మొదలైన రోజే, ఆయన డ్యూటీ దిగి వెళ్లాక, ఒక లారీ తప్పు సరుకుతో బయటికి పోయింది. ఫోన్లో ఆయన పేరే పడింది. “నామ్ తో తేరా హై”, పేరు నీదే కదా అని గోదాము లెక్కలు చూసే మున్షీ తేల్చేసి, వేరే మనిషిని చూసుకుంటానన్నాడు.

దిగేటప్పుడు లాగౌట్ చేయలేదా అని మామను అడిగాను.

“ఏంది అల్లుడా, నడిచే సాంచను బంద్ చేసి ఇస్తరా ఎవరన్న? నడుస్తుండంగనే వెనకొచ్చెటోని చేతుల పెడ్తం. ఫోను గూడ గట్లనే ఇచ్చిన.”

“గది సాంచ కాదు మామా.”

“నడుస్తది గద. బంద్ చేస్తె మల్ల నీ లారీలు ఆగయా?”

మున్షీకి ఎంట్రీ పడిన వేళనూ మామ డ్యూటీ వేళనూ పక్కపక్కన చూపించాను. గొణుగుతూనే ఒప్పుకున్నాడు. తర్వాత కూర్చుని కొత్త టెస్టు రాశాను: ఉత్తుత్తి గడియారంలో డ్యూటీ వేళ దాటింది, ఉత్తుత్తి ఫోన్లో ఇంకా మామ పేరే ఉంది, అప్పుడు నా కోడ్ ఎంట్రీ రాయకుండా, ఇప్పుడెవరున్నారని అడగాలి. మొదట ఫెయిలైంది. కోడ్ సరిచేశాక పాసైంది. మామ పర్మనెంట్ అయ్యాడు.

ఇప్పుడా గేటులో వేలిముద్ర లేనిదే ఎంట్రీ పడదు, ఫోను ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెచ్చగా మారే పనే లేదు. కనేరిలో ఎన్నో సాంచాలు తుక్కు కింద పోయాయి, మామ పని మానేసి ఇంటిపట్టున ఉంటున్నాడు. మా కోడ్‌లో మాత్రం, టెస్టులు నడిపిన ప్రతిసారీ, ఆయన డ్యూటీ దిగి, ఫోను ఆపకుండా వెనకొచ్చేవాడి చేతిలో పెట్టి వెళుతుంటాడు.

ఆ అమ్మాయి తీసేయలేదు. అన్నీ నడిపింది. మామతో కలిపి నూట పద్దెనిమిది పాస్.